ఫైర్‌మన్ పేస్లిప్‌లో ఆ 5,320 రూపాయల లెక్క

ప్రశ్న: ఆంధ్రప్రదేశ్ అగ్నిమాపక శాఖలో 2011లో ఫైర్‌మన్‌గా చేరాను. నా పేస్లిప్‌లో బేసిక్ 39,800, డీఏ (కరువు భత్యం) 33.67 శాతం చొప్పున 13,401, ఇంటి అద్దె భత్యం 3,980, మొత్తం 57,181 రూపాయలు. సీపీఎస్ (కంట్రిబ్యూటరీ పింఛను పథకం) కింద 5,320 పట్టారు. పది శాతమంటే 5,718 కావాలి కదా? ప్రభుత్వం తన వాటా కూడా తగ్గించి వేస్తోందా? మాది ప్రాణాలకు తెగించే ఉద్యోగం, మాకు వేరే లెక్క ఏమైనా ఉందా? మా స్టేషన్‌లో నాకన్నా ముందు చేరిన ఆయనకి ఈ కోతే లేదు.
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మీ పేస్లిప్ సరిగానే ఉంది. సీపీఎస్ కోత మొత్తం జీతం మీద కాదు, బేసిక్, డీఏ కలిపిన మొత్తం మీదే. 39,800కి 13,401 కలిపితే 53,201. అందులో పదో వంతు 5,320. ఇంటి అద్దె ఈ లెక్కలోకి రాదు. మీరనుకున్న 398 రూపాయల తేడా అక్కడిదే. ప్రభుత్వం కూడా అదే 5,320 జమచేయాలి. అంటే నెలకి 10,640 మీ ప్రాన్ (పింఛను ఖాతా నంబరు) ఖాతాలో పడాలి. వచ్చే ఇంక్రిమెంటుకి బేసిక్ 40,970 అయితే ఇదే డీఏ మీద మీ కోత 150 రూపాయల పైచిలుకు పెరుగుతుంది. డీఏ పెరిగినప్పుడల్లా కూడా పెరుగుతుంది. జీతం లేని సెలవు పెడితే కోత ఉండదు, ఆ నెలలకి ప్రభుత్వ వాటా కూడా పడదు.

మీ సీనియర్ 2004 సెప్టెంబర్ 1కి ముందు చేరి ఉంటారు. వాళ్లకి పాత పింఛను, అందుకే ఈ కోత లేదు.

వేరే లెక్క లేదండీ. మంటల్లోకి వెళ్లే మీకూ, కుర్చీలో కూర్చుని బిల్లులు రాసిన నాలాంటివాళ్లకూ అదే పది శాతం. ఇది న్యాయం కాదనే నా అభిప్రాయం. ఇంగ్లండ్‌లో అగ్నిమాపక సిబ్బందికి విడిగా పింఛను పథకమే ఉంది. 2015 పథకంలో జీతాన్ని బట్టి 11 నుంచి 14.5 శాతం దాకా పడతారు. కోత ఎక్కువే, కానీ అక్కడ పింఛను ఏటేటా అందుకున్న జీతాన్ని బట్టి లెక్క కట్టి ఇస్తారు. మన సీపీఎస్‌లో చేతికొచ్చేది ఆ నిధి మార్కెట్లో ఎంత పెరిగిందన్నదాని మీద ఉంటుంది. రిటైరయ్యాక నిధిలో కనీసం 40 శాతంతో యాన్యుటీ (బీమా కంపెనీ ఇచ్చే పింఛను పాలసీ) కొనాలి, నెలనెలా వచ్చే పింఛను అదే. అందుకే జమ కావలసిన సొమ్ము ఒక్క నెల ఆలస్యమైనా ఆ నెల రాబడి పోయినట్టే.

నేను ఖజానా శాఖలో ఉన్నప్పుడు ఒక ఫైర్‌మన్ మధ్యాహ్నం వేళ వచ్చాడు. గడ్డివాము తగలబడితే ఆర్పి తిన్నగా అటునుంచే వచ్చినట్టున్నాడు, యూనిఫాం నిండా పొగ వాసన, మోచేతుల దాకా మసి. పాలిథిన్ కవర్లోంచి ఏడు పేస్లిప్పులు తీసి బల్ల మీద వరసగా పేర్చాడు. ఏడింట్లోనూ కోత ఉంది, ప్రాన్ స్టేట్‌మెంట్‌లో ఒక్క నెల కూడా లేదు. తీరా చూస్తే జీతం బిల్లుతో పంపే కోతల జాబితాలో పన్నెండంకెల ప్రాన్‌లో ఒక అంకె తప్పు పడింది. డబ్బు ఎటూ పోక మధ్యలో ఆగిపోయింది. సరిచేయించడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ అతను డ్యూటీ దిగి తిరుగుతూనే ఉన్నాడు. ఆ మసి చేతులు నాకిప్పటికీ కళ్లముందే ఉన్నాయి.

కాబట్టి మీరు ఈ వారమే స్టేట్‌మెంట్ తీయండి. ప్రతి నెలకీ మీ వాటా, ప్రభుత్వ వాటా రెండూ కనబడాలి, రెండూ ఒకే మొత్తం ఉండాలి. డీఏ బకాయిలు వచ్చినప్పుడు అందులో పది శాతం ప్రాన్‌కి జమవుతుంది, అదీ చూసుకోండి. ఏ నెలైనా ఖాళీగా ఉంటే ఆ నెల పేస్లిప్ జతచేసి మీ జీతం బిల్లు పెట్టే డీడీఓకి కాగితం మీద రాసివ్వండి. నోటి మాటగా చెప్పి ఊరుకోవద్దు. మీ దగ్గరుండే కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి.