కార్స్ నుంచి నాకేమీ తేవద్దు

అమ్మడూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. "నీ మేనకోడలు టర్కీ వెళ్తోందక్కా. ఇస్తాంబుల్ కాదట, ఎక్కడో ఆ చివర కార్స్ అట. అదీ జనవరిలో. ఏప్రిల్ దాకా రాదట" అన్నాడు. చివర్లో "దాన్ని పాడు చేసింది నువ్వే" అని కూడా అన్నాడు. ఆ తర్వాత నాకు నిద్ర పట్టలేదు. సగం సంతోషం, సగం భయం. నీకు తొమ్మిదో పదో ఏళ్లప్పుడు నా ఆల్బమ్‌లో నిలువునా చీలిన ఒక గుడి ఫొటో చూసి "మిగతా సగం ఏదత్తా?" అని అడిగావు. ఇప్పుడు ఆ గుడి కొలతలు తీసుకోవడానికే బయల్దేరుతున్నావు. ఇంకెవరైనా చెబితే నమ్మేదాన్ని కాదు.

ముందు చలి సంగతి. కార్స్ ఊరు దాదాపు 1,750 మీటర్ల ఎత్తున ఉంది. జనవరి రాత్రుల్లో మైనస్ 20 అక్కడ వింతేమీ కాదు. లోపల ఉన్ని బనీన్లు రెండు వేసుకో. బూట్లు ఇక్కడ కొనకు, అక్కడ అమ్మేవే ఆ మంచు మీద నిలుస్తాయి. ఫోను ఒంటికి ఆనుకుని ఉండే జేబులో పెట్టుకో, లేకపోతే చలికి బ్యాటరీ చచ్చిపోతుంది. చలిని లెక్కచేయకపోతే ఏమవుతుందో ఆ జిల్లాలోనే రాసి ఉంది. (వాళ్లు "ఇల్" అంటారు, మనకి జిల్లా లాంటిది.) 1914 డిసెంబరులో, మొదటి ప్రపంచయుద్ధంలో, ఒట్టోమన్ టర్కీ యుద్ధమంత్రి ఎన్వర్ పాషా రష్యా సైన్యాన్ని చుట్టుముట్టాలని, సరైన చలిబట్టలైనా లేని మనుషుల్ని సారికమిష్ దగ్గరి కొండలు ఎక్కించాడు. వేలకు వేలమంది, గుండు తగలకుండానే, మంచులో గడ్డకట్టిపోయారు. వాళ్లలో సగంమందికి నీ వయసు కూడా ఉండి ఉండదు. ఇప్పుడక్కడ పైన్ అడవుల మధ్య స్కీయింగ్ చేస్తారు. నువ్వూ వెళ్తావు, వద్దన్నా వెళ్తావు. ఒక్కదానివే మాత్రం వెళ్లకు.

అంకారా నుంచి రైల్లో వెళ్లు. విమానమైతే రెండు గంటల్లోపే, నాకు తెలుసు. కానీ తూర్పు ఎక్స్‌ప్రెస్‌లో పడుకుని 1,300 కిలోమీటర్లు వెళ్తే, యూఫ్రటీస్ ఎగువ పాయ పక్కనే తిరుగుతూ ఆ పీఠభూమి మీదకి ఎక్కుతుంటే, ఆ ఊరు ఎంత దూరమో ఒంటికి తెలుస్తుంది. తినడానికి కొన్ని పండ్లు దగ్గర పెట్టుకో.

తిండికి లోటు ఉండదు. మొదటి మంచు పడ్డాక పెద్దబాతుల్ని కోసి, ఉప్పు పట్టించి, ఆరగట్టి చలికాలమంతా వండుకుంటారు. ఆ కొవ్వు కారి తడిసిన గోధుమరవ్వ అన్నం పెడతారు, అది నువ్వు తినాలి. చీజ్ కూడా పేరున్నదే. గ్రావియర్ అనే రకం చేసే పద్ధతి రష్యన్ల ఏలుబడిలో స్విస్ వాళ్ల దగ్గర నేర్చుకున్నారు. టీ ఎన్నిసార్లు ఇచ్చినా వద్దనకు. అక్కడ టీ వద్దంటే మాట వద్దన్నట్టే.

ఊరి వీధులు చూస్తే ఆశ్చర్యపోతావు. ఒట్టోమన్ల మీద 1877-78 యుద్ధంలో గెలుచుకున్న రష్యా 1918 దాకా, అంటే నలభై ఏళ్లు, ఆ ఊరిని ఏలింది. స్కేలు పెట్టి గీసినట్టున్న వీధులు, నల్లరాతి ఇళ్లు అప్పటివే. ఆర్మేనియాతో ఇప్పటి సరిహద్దు 1921 అక్టోబరులో అదే ఊళ్లో సంతకాలు పెట్టిన ఒప్పందంతో వచ్చింది. ఇవి నువ్వు చదివే ఉంటావు. కోట కింద ఉన్న పన్నెండుగురు అపొస్తలుల (ఏసు శిష్యుల) చర్చి దగ్గర మాత్రం ఒక పూట ఊరికే కూర్చో. పదో శతాబ్దంలో అబాస్ అనే ఆర్మేనియన్ రాజు కట్టించాడు. ఆ తర్వాత మసీదైంది, రష్యన్లు వచ్చి వాళ్ల చర్చి చేసుకున్నారు, కొన్నాళ్లు మ్యూజియం, ఇప్పుడు మళ్లీ మసీదు. గోపురం కింద చుట్టూ చెక్కిన ఆ పన్నెండుమంది మాత్రం కదల్లేదు. ఎవరు వచ్చి ఏ పేరుతో మొక్కినా చూస్తూ నిలబడ్డారు.

ఇంకొకటి మరిచిపోయేదాన్ని. అక్కడ ఆషిక్‌లని ఉంటారు, సాజ్ అనే తీగల వాద్యం వాయిస్తూ అప్పటికప్పుడు పాట కట్టే కవులు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని పోటీ పడతారు. అందులో ఒక పందెం ఉంది: పెదవుల మధ్య సూది నిలబెట్టుకుని, ప, బ, మ, వ లాంటి అక్షరాలు రాకుండా పాడాలి. వస్తే సూది గుచ్చుకుంటుంది. మన అవధానంలో నిరోష్ఠ్యం! నేను ఒక టీకొట్టులో చూసి, మా నాన్న చెయ్యి పట్టుకుని వెళ్లిన బ్రాడీపేట అవధానం గుర్తొచ్చి ఏడ్చేశాను. పక్కనున్న ముసలాయన నాకేదో కష్టం వచ్చిందనుకుని తన టీ నా ముందుకి జరిపాడు.

ఇక అసలు సంగతి. ఇది మీ నాన్నకి కూడా చెప్పలేదు.

2006 నవంబరు మొదటివారం. ఇస్తాంబుల్‌లో సదస్సు అయ్యాక ఒక్కదాన్నే అంత దూరం వెళ్లాను, ఆని అనే శిథిల నగరం చూడాలని. కార్స్‌కి తూర్పున 45 కిలోమీటర్లు. టాక్సీ మాట్లాడుకున్నాను. డ్రైవరు అరవై దాటిన మనిషి, తెల్లటి మీసాలు. దారి పొడుగునా చెట్టన్నది లేదు, ఎండిన గడ్డి, గొర్రెలు, ఆకాశం. ఆ గడ్డి చివర హఠాత్తుగా రెండు వరసల కోటగోడ లేస్తుంది. సింహద్వారం దాటి లోపలికి అడుగుపెడితే ఊరు లేదు. ఒకప్పుడు నగరమైన మైదానం, ఒకదానికొకటి దూరంగా నిలబడ్డ గుళ్లు, ఆ చివర లోయ, లోయలో అర్పచాయ్ నది. నది అవతల ఆర్మేనియా.

961లో బగ్రతుని వంశపు ఆర్మేనియన్ రాజులు కార్స్ వదిలి ఆనిని రాజధాని చేసుకున్నారు. వాళ్ల పెద్ద చర్చి కట్టిన త్రదాత్, 989 భూకంపంలో దెబ్బతిన్న ఇస్తాంబుల్ హాజియా సోఫియా గోపురాన్ని బాగుచేసిన శిల్పి కూడా. ఆ తర్వాత ఆని చేతులు మారుతూ పోయింది: 1045లో బైజాంటైన్ సామ్రాజ్యం, 1064లో సెల్జుక్ సుల్తాన్ ఆల్ప్ అర్స్‌లాన్, తర్వాత జార్జియన్లు, మంగోలులు, 1319 భూకంపం. నగరం మెల్లమెల్లగా ఖాళీ అయింది. ఆ వరసంతా నాకు కంఠతా వచ్చు. అదే నా గర్వం. ఇంత తెలిసినదాన్ని కదా, ఇది కొంత నాది కూడా అనుకున్నాను.

నీ గుడి, ఆ సగం గుడి, రక్షకుడి చర్చి. 1035 ప్రాంతంలో కట్టింది 1957 దాకా నిలబడి, ఒక తుఫానులో తూర్పు సగం కూలిపోయింది. కూలిన రాళ్ల గుట్టలో నా అరచేతికి సరిపోయే ముక్క ఒకటి కనబడింది. లేత గులాబీ రంగు టఫ్ రాయి, అగ్నిపర్వతపు బూడిద గట్టిపడి అయ్యేది. దాని మీద పేనిన తాడులాంటి అంచు, ఆ అంచులో మూడు ఆకులు. మూడో ఆకు సగం విరిగింది. చుట్టూ ఎవరూ లేరు. ఇలాంటివి వేలు పడి ఉన్నాయి, గొర్రెలు తొక్కుతున్నాయి, నా దగ్గరైతే భద్రంగా ఉంటుంది అనుకుని కోటు జేబులో వేసుకున్నాను.

అమ్మడూ, నేనెవరిని? గుంటూరులో పాతికేళ్లు పిల్లలకి అమరావతి పాఠం చెప్పినదాన్ని. 1797లో కంపెనీ సర్వేయరు మెకంజీ వచ్చేసరికే జమీందారు మనుషులు కొత్త ఊరు కోసం స్తూపం రాళ్లు తవ్వుకుపోతుండటం, చెక్కిన రాళ్లని సున్నానికి కాల్చడం, 1845లో కంపెనీ అధికారి ఇలియట్ తవ్వించినవి మద్రాసు వెళ్లడం, 1859లో అక్కణ్నుంచి లండన్ వెళ్లడం, ఇవి చెప్పేటప్పుడు నా గొంతు వణికేది. "మా దగ్గర భద్రంగా ఉంటాయి అన్నారు" అని పిల్లల ముందు కోపంతో ఊగిపోయేదాన్ని. సరిగ్గా ఆ మాటే అనుకుంటూ ఆ రాయి జేబులో వేసుకున్నాను, ఆ క్షణాన ఏ అమరావతీ గుర్తుకు రాలేదు.

తిరిగొచ్చేటప్పుడు కార్లో ఆ రాయి తీసి డ్రైవరుకి చూపించాను, సంబరంగా. ఆయన చూసి బండి పక్కకి ఆపాడు. "తాష్" అన్నాడు, రాయి అని. "యసాక్" అన్నాడు, నిషేధమని. నాకు అర్థమైనా కానట్టు కూర్చున్నాను. అప్పుడు నా వైపు పూర్తిగా తిరిగి, మెల్లగా, "గునాహ్" అన్నాడు.

ఆ మాట నాకు ఎవరూ అనువదించనక్కర్లేదు. మా వీధిలో ఉర్దూ మాట్లాడే ఇళ్ల మధ్య పెరిగాను. పాపం అంటున్నాడు. అది ఆయన మతం గుడి కాదు, ఆయన తాతలు కట్టింది కాదు. అయినా పాపం అంటున్నాడు.

నేను అడగకుండానే బండి వెనక్కి తిప్పాడు. మేం చేరేసరికి చీకటి పడింది, ద్వారం మూసేశారు. కాపలా మనిషితో ఆయన చాలాసేపు మాట్లాడాడు. కేసు పెట్టి ఉంటే నేను జైల్లో ఉండేదాన్ని, ఆ దేశపు చట్టం ఈ విషయంలో చాలా గట్టిది. ఆ కాపలా మనిషి టార్చి పట్టుకుని నన్ను సింహద్వారం లోపలి దాకా మాత్రం రానిచ్చాడు. ఎక్కడిదని సైగ చేశాడు. చీకట్లోకి చెయ్యి చూపించాను. ఎడమవైపు గోడ మొదట్లో ఆ రాయి పెట్టి వచ్చేశాను. డ్రైవరు రెండోసారి తిప్పినందుకు ఒక్క లీరా ఎక్కువ తీసుకోలేదు.

నువ్వు చదివే చదువుకి వేరే చెప్పాలా, చోటు తప్పిన రాయి ఏమవుతుందో. తిరిగిచ్చానన్న మాటే గాని, అది ఏ గుడిదో చెప్పే దారిని నేనే తుడిచేశాను. అప్పట్నుంచి అమరావతి పాఠం చెప్పినన్నాళ్లూ ఎవరిమీదా గొంతు పెంచలేదు.

అందుకే నాకు మంచుకన్నా, రైలుకన్నా నీ కోటు జేబంటేనే భయం. గులకరాయి కూడా వద్దు. పెంకు వద్దు. ఎవరైనా పాత నాణెమని అమ్మజూపితే చేతిలోకి కూడా తీసుకోకు. ఊరికి బయల్దేరే ముందు సంచులన్నీ దులిపి చూసుకో. చిరాకు పడతావని తెలుసు, అయినా దులుపు.

నది వైపు లోయలోకి దిగకు. 1993 నుంచి ఆ సరిహద్దు మూసే ఉంది, సైన్యం కాపలా ఉంటుంది. డ్రోన్ లాంటిదేమైనా ఎగరేయాలని మీ వాళ్లు అంటే ముందు రాతపూర్వకంగా అనుమతి చూపించమను. నేను వెళ్లినప్పుడు ఆని బోర్డుల మీద ఆర్మేనియన్ అనే మాటే కనబడలేదు. 2016లో యునెస్కో జాబితాలో చేరింది, ఇప్పుడెలా రాశారో నువ్వే చూసి చెప్పాలి. నీ నోట్సులో మాత్రం ఎవరు కట్టింది వాళ్ల పేరే రాయి, ఒక్క అక్షరం తగ్గించకు. టీకొట్లో కూర్చున్న వాళ్లతో వాదనకి మాత్రం దిగకు. వాళ్లలో నా డ్రైవరులాంటి వాళ్లు ఉంటారు.

రోజూ రాత్రి ఒక్క మెసేజ్ పెట్టు, "బాగున్నాను" అని. మీ నాన్నకి కాదు, నాకు. వాడికి నేను చెబుతాను.

ఏప్రిల్‌లో మంచు కరిగాక ఒక పని చేసిపెట్టు. సింహద్వారం దాటగానే ఎడమవైపు గోడ మొదట్లో చూడు. లేత గులాబీ రాయి, తాడు అంచు, మూడు ఆకులు, మూడోది సగమే. ఇన్నేళ్లకి ఉంటుందో లేదో. ఉంటే తాకకు. ఫొటో తీసి, కార్స్ మ్యూజియం వాళ్ల దగ్గరికి వెళ్లి, ఇది రక్షకుడి చర్చి తూర్పు వైపు గుట్టలోది, 2006లో ఒకావిడ చోటు తప్పించింది అని చెప్పు. ఎవరా ఆవిడ అని అడిగితే, మా మేనత్త అని చెప్పి నా పేరు రాయించు.

నీ అత్తయ్య