వంటింటి సందేహాలు: జర్మనీ ఆలూ వేపుడు ముద్దయిపోతోందా?

ప్రశ్న: మా అబ్బాయి ఆఖెన్‌లో ఎమ్మెస్ చేసి వచ్చాడు. అక్కడ తిన్న బ్రాట్‌కార్టోఫెల్న్ అనే ఆలూ వేపుడు చెయ్యమని ఒకటే గొడవ. వీడియో చూసి చేశా, ముక్కలన్నీ విరిగిపోయి పెనానికి అతుక్కుని చివరికి మసాలా దోసెలో కూరలా తయారైంది. ఎక్కడ తేడా కొట్టింది?
– ఓ గృహిణి, కూకట్‌పల్లి

జవాబు: మీరు దుంపలు ఉడకబెట్టి వేడి మీదే తొక్క తీసి, కోసి, పెనంలో వేసేసుంటారండి. మన ఆలూ వేపుడికైతే అది నడుస్తుంది, దీనికి నడవదు. ఇది అసలు మిగిలిపోయిన దుంపల వంట. ముందురోజు రాత్రి భోజనానికి తొక్కతో ఉడకబెట్టిన దుంపలు మిగిల్తే వాటిని మర్నాడు చక్రాల్లా కోసి వేయించుకోవడం, అంతే. ఇప్పుడు కావాలని చేసుకునేవాళ్లు కూడా ముందురోజే ఉడకబెట్టి పెట్టుకుంటారు. ఎందుకంటే ఉడికినప్పుడు దుంపలో పిండిపదార్థం నీళ్లు పీల్చుకుని మెత్తగా జిగురుగా అవుతుంది, ఫ్రిజ్‌లో ఓ రాత్రి ఉంటే అదే మళ్లీ బిగుసుకుంటుంది, పైన తడి కూడా ఆరిపోతుంది. అప్పుడు కత్తి పెడితే ముక్క అంచు విరక్కుండా తెగుతుంది. పెనంలో పడ్డాక ముందు ఆవిరి పట్టడానికి నీళ్లుండవు కాబట్టి తొందరగా ఎర్రబడుతుంది.

కుక్కర్ జోలికి పోకండి, విజిల్ లెక్క ఒకటి అటూ ఇటూ అయితే దుంపలు పగిలిపోతాయి. కిలో దుంపలు, అన్నీ ఒకే సైజువి, గిన్నెలో చన్నీళ్లు పోసి ఉప్పేసి 20 నుంచి 25 నిమిషాలు ఉడికించండి, కత్తి మొన గుచ్చితే కాస్త అడ్డు తగులుతూ దిగాలి. నీళ్లు వంపేసి అలాగే ఆరనిచ్చి చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టెయ్యండి. మర్నాడు తొక్క తీసి అర సెంటీమీటరు మందాన కొయ్యండి, మరీ పల్చగా కోస్తే చిప్స్ అవుతాయి.

ఇక అసలు సంగతి, మనవాళ్ల చెయ్యి ఊరుకోదు. గరిటె పట్టుకున్నామంటే కలుపుతూనే ఉంటాం. ఇక్కడ పెనం బాగా వేడెక్కాక రెండు మూడు చెంచాల నూనె వేసి ముక్కలు ఒక్క వరసలో పరిచి ఓ ఐదారు నిమిషాలు ముట్టుకోకుండా వదిలెయ్యాలి. మధ్య మంట మీద చిటపటమని సన్నగా శబ్దం వస్తుండాలి, అది ఆగిపోయి ఉస్సుమని ఆవిరి వస్తోందంటే ముక్కలు ఎక్కువయ్యాయని అర్థం, సగం తీసేసి రెండు వాయిల్లో చెయ్యండి. అట్లకాడ కింద పెట్టి ఓ ముక్క లేపి చూడండి, రానంటోందంటే ఇంకా పొర కట్టలేదు, కట్టాక దానంతటదే ఊడొస్తుంది. అప్పుడు తిరగెయ్యండి. మొత్తం మీద రెండు మూడు సార్లు తిరగేస్తే చాలు. మూత మాత్రం పెట్టొద్దు.

ఉల్లిపాయలు మన పోపులో లాగా ముందు వెయ్యకూడదు, దుంప ఎర్రబడేలోపు అవి బొగ్గవుతాయి. ముక్కలు రెండు వైపులా రంగు తిరిగాక రెండు ఉల్లిపాయలు తరిగి వెయ్యండి, అవి మెత్తబడి అంచులు ఎర్రబడితే ఉప్పు, మిరియాల పొడి చల్లి దించెయ్యండి. పసుపూ కారం ఏవీ లేవు. చప్పగా ఉంటుందేమో అని మీకు అనుమానం వస్తుంది, తినేటప్పుడు రాదు.

ప్రశ్న: మేం వెజిటేరియన్లం. రెసిపీల్లో పంది మాంసం ముక్కలు వేస్తున్నారు. అవి లేకపోతే రుచి పోతుందా? మయోరాన్ అనే ఆకు కూడా చెప్తున్నారు, ఇక్కడ ఎక్కడ దొరుకుతుంది?
– ఓ పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: ష్పెక్ అంటారు దాన్ని, ఉప్పు పట్టించి పొగబెట్టిన పంది మాంసం. ముందు దాన్ని వేయించి ముక్కలు తీసి పక్కన పెట్టి, దిగిన కొవ్వులో దుంపలు వేయిస్తారు. అది లేకుండా చేసుకునేవాళ్లు జర్మనీలోనూ బోలెడుమంది, కాబట్టి మీరేదో తక్కువ చేసుకుంటున్నారని అనుకోకండి. బదులుగా వాళ్లు వాడేది బుట్టర్‌ష్మాల్ట్స్, చూస్తే మన నెయ్యే! వెన్న కరిగించి నీరూ పాలపదార్థమూ తీసేసింది. ఉత్త వెన్నతో చేస్తే ఆ పాలపదార్థం మాడి నల్ల చుక్కలు పడతాయి, నెయ్యికి ఆ బాధ లేదు. సగం నూనె సగం నెయ్యి వేసుకోండి, పొగ వాసన కావాలంటే చివర్లో చిటికెడు పొగబెట్టిన మిరపపొడి, స్మోక్డ్ పాప్రికా అని అమ్ముతారే, అది చల్లండి.

మయోరాన్ కోసం మీరు సూపర్‌మార్కెట్‌కి పరిగెత్తక్కర్లేదు, అది మన మరువమే! మల్లెపూల మధ్యలో కట్టుకునే మరువం. మనం జడలో పెట్టుకుంటాం, వాళ్లు దుంపల్లో వేసుకుంటారు. అయితే పూలకొట్టులో కొన్న మరువం వంటలో వెయ్యొద్దు, దానిమీద ఏ మందు కొట్టారో మనకి తెలీదు. కుండీలో ఓ మొక్క పెట్టుకుంటే సరి. నాలుగు రెమ్మల ఆకు దూసి దించే ముందు వేస్తే చాలు, ముందే వేస్తే వాసన పోయి చేదు మిగుల్తుంది. కొందరు క్యుమ్మెల్ గింజలు కూడా వేస్తారు, మన శాజీరా దానికి దగ్గరగా ఉంటుంది, జీలకర్ర వేస్తే మాత్రం అది మన వేపుడే అవుతుంది.

ప్రశ్న: నేను కొత్తగా స్టుట్‌గార్ట్ వచ్చాను. ఇక్కడ షాపులో ఆలుగడ్డలే పదిరకాలున్నయ్, ఏది తీసుకోవాలె?
– ఓ విద్యార్థి, సొంతూరు వరంగల్

జవాబు: సంచీ మీద రంగు చూడు తమ్ముడూ. మామూలుగా ఆకుపచ్చ రంగుంటే ఫెస్ట్‌కోఖెండ్, ఉడికినా గట్టిగా ఉండే రకం, నీకు అదే కావాలి. ఎరుపు మధ్యరకం, దాంతో కూడా నడుస్తుంది. నీలం మాత్రం పిండిగా చిట్లిపోయే రకం, ముద్దకూరకి, సూప్‌కి బాగుంటుంది. రకాల పేర్లు చాలా వరకు ఆడపిల్లల పేర్లే ఉంటాయి, లిండా, అన్నాబెల్, సీగ్లిండె, ఇలా. లిండాకి పెద్ద కథే ఉంది. 1974లో అనుమతి వచ్చిన రకం, 2004 చివర్లో విత్తన కంపెనీ దాన్ని వెనక్కి తీసేసుకుంటే రైతులూ తినేవాళ్లూ కలిసి లిండాని కాపాడండని గొడవ చేశారు, చివరికి 2010లో మళ్లీ అనుమతి వచ్చింది. ఆలుగడ్డ కోసం ఉద్యమమా అని నవ్వకు, మన దగ్గర బంగినపల్లి మార్కెట్లో కనపడకుండా చేస్తామంటే ఊరుకుంటామా?

ఇక్కడ ఇండియాలో ఉన్నవాళ్లకి: సంచీల మీద ఆ రంగులు మనకుండవు కాబట్టి పల్చటి తొక్క ఉన్న కొత్త దుంపలు ఏరుకోండి. కుఫ్రీ పుఖ్‌రాజ్ అని లోపల పసుపుగా ఉండే రకం దొరికితే ఇంకా మంచిది.

ప్రశ్న: దుంపలు ఫ్రిజ్‌లో పెడితే విషం అని వాట్సాప్‌లో వచ్చింది. మీరేమో ఫ్రిజ్‌లో పెట్టమంటారు!
– ఓ పాఠకుడు, ఒంగోలు

జవాబు: విషం కాదు గానీ, ఆ మెసేజ్‌లో ఓ నిజం ఉంది, అది పచ్చి దుంపల గురించి. పచ్చి దుంపని బాగా చల్లగా ఉంచితే అందులో పిండిపదార్థం కొంత చక్కెరగా మారుతుంది, దాన్ని తర్వాత వేయిస్తే త్వరగా నల్లబడుతుంది, ఒంటికి మంచిది కాని ఎక్రిలమైడ్ అనే పదార్థం ఎక్కువ తయారవుతుంది. వేయించిన తిండిలో ఇది ఉంటుందని 2002లో స్వీడన్ వాళ్లు బయటపెట్టారు. ఉడకబెట్టిన దుంపకి ఆ చక్కెర గొడవ లేదు, అందులో మార్పు వేరు. కాకపోతే వేయించేటప్పుడు బంగారు రంగులో ఆపండి, ముదురు గోధుమ రంగుదాకా పోనివ్వకండి. పచ్చి దుంపలు చీకటిగా గాలి తగిలేచోట బయటే ఉంచండి.

ప్రశ్న: ముందురోజు ఉడకబెట్టడం కుదరకపోతే? పచ్చివి వేయించకూడదా? దేంతో తినాలి?
– ఓ ఉద్యోగిని, విశాఖ

జవాబు: వేయించొచ్చు, పచ్చి దుంపలతో కూడా చేస్తారు. చక్రాలు కోసి నీళ్లలో బాగా కడిగి పైనున్న పిండి పోగొట్టి, పొడి గుడ్డతో తడి లేకుండా తుడవాలి, ఇక్కడ బద్ధకిస్తే మళ్లీ అతుక్కుంటాయి. వీటికి మాత్రం మొదటి పది నిమిషాలూ మూత పెట్టండి, లోపల ఉడకాలిగా, తర్వాత తీసేసి ఎర్రగా వేయించండి. రుచి వేరేగా ఉంటుంది, నాకు ఉడకబెట్టినవే ఇష్టం.

తినడానికి పైన ఓ బుల్స్‌ఐ వేసుకుంటే పూట గడిచిపోతుంది. జర్మనీ ఉత్తరాన ఉప్పులో ఊరిన హెర్రింగ్ చేపతో, ఇంకొన్ని చోట్ల కట్టిపెరుగులాంటి క్వార్క్‌తో, పక్కన దోసకాయ ఊరగాయతో తింటారు. గిలక్కొట్టిన గుడ్లు అందులోనే పోసి గట్టిపడనిస్తే బావర్న్‌ఫ్రూష్టుక్, అంటే రైతుల టిఫిన్. మనింట్లో పప్పుచారు పక్కన పెట్టినా ఎవరూ కాదనరు.

పెనం సంగతి కూడా చెప్పేస్తా, చాలామంది అడిగారు. గుంట మూకుడులో కుదరదు, ముక్కలు మధ్యలోకి జారి కుప్పవుతాయి. దోసెలు వేసీ వేసీ నల్లబడ్డ ఇనప పెనం, అంచు కాస్త పైకి ఉన్నదైతే అదే చాలు. వండాక సబ్బు పెట్టి రుద్దకుండా వేడినీళ్లతో కడిగి తుడిచి, చుక్క నూనె రాసి పెట్టుకోండి.