ఇంట్లో చేసిన సబ్‌ఊఫర్‌కు ఏ ఆంప్లిఫయర్?

ప్రశ్న: పది అంగుళాల 4 ఓమ్‌ల ఊఫర్ కొని ప్లైవుడ్ పెట్టెలో బిగించాను. దాని మీద 150 వాట్లని ఉంది. ఒకరు 4440 ఆంప్లిఫయర్ ఐసీ ఉన్న బోర్డు చాలన్నారు, ఇంకొకరు టీడీఏ7294 తీసుకోమన్నారు. ఆన్‌లైన్‌లో టీపీఏ3116 ‘100 వాట్ల మోనో’ బోర్డు చవగ్గా దొరుకుతోంది. ఇంట్లో 12-0-12 (మధ్య తీగకు ఇటూ అటూ 12 వోల్టులిచ్చే) ట్రాన్స్‌ఫార్మర్ కూడా ఉంది. ఏది మంచిది? (ఖమ్మం నుంచి)

జవాబు: ఊఫర్ మీద రాసిన 150 వాట్లు అది ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె. అంతా ఇచ్చి తీరాలని కాదు. బోర్డు మీద రాసిన వాట్లనైతే పూర్తిగా పక్కన పెట్టండి. స్పీకర్‌కు ఎంత పవర్ చేరుతుందో తేల్చేవి ముఖ్యంగా రెండు: బోర్డుకు అందే డీసీ వోల్టేజి, కాయిల్ ఓమ్‌లు. అందుకే ముందు ఊఫర్ తీగలు విప్పి మల్టీమీటరుతో కాయిల్‌ను కొలవండి. 4 ఓమ్‌లదైతే 3.2 నుంచి 3.6 దాకా, 8 ఓమ్‌లదైతే 6, 7 మధ్య చూపిస్తుంది. స్టిక్కర్ కన్నా ఈ కొలతనే నమ్మాలి.

4440 ఐసీ బ్రిడ్జిలో, అంటే లోపలి రెండు ఆంప్లిఫయర్లనూ ఒకే స్పీకర్‌కు కలిపినప్పుడు, 13 వోల్టుల దగ్గర ఇచ్చేది 19 వాట్లు. చిన్న స్పీకర్లకు అది చక్కగా సరిపోతుంది. పది అంగుళాల కోన్‌ను మాత్రం కదిలించలేదు. వాల్యూమ్ కొంచెం పెంచగానే సిగ్నల్ కొసలు తెగిపోయి, బేస్ బదులు బరబరమనే మోత వస్తుంది.

3116 మంచి ఐసీ. కానీ ఆ ‘100 వాట్లు’ అన్నది 21 వోల్టులు ఇచ్చి, 2 ఓమ్‌ల స్పీకర్ కలిపినప్పటి లెక్క. మీది 4 ఓమ్‌లు. వోల్టేజిని దానితోనే గుణించి, ఓమ్‌ల రెట్టింపుతో భాగించండి. 24 వోల్టులకు 576ను 8తో భాగిస్తే 72 వస్తుంది. నష్టాలు పోను 55 నుంచి 60 వాట్లు మిగులుతాయి. పాత ల్యాప్‌టాప్ 19 వోల్టుల, 90 వాట్ల అడాప్టర్ పెడితే 40 వాట్ల దాకా వస్తాయి. మామూలు హాలుకు అదీ తక్కువేం కాదు.

ఈ బోర్డుతో రెండు జాగ్రత్తలు. ఐసీ 26 వోల్టులకు మించి పనిచేయడానికి తయారైంది కాదు. ఎల్‌ఈడీ స్ట్రిప్పులకు వాడే 24 వోల్టుల ఎస్‌ఎంపీఎస్‌లో (ఇంటి కరెంటును డీసీగా మార్చే పెట్టెలో) చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని తిప్పి వోల్టేజి పెంచకండి. రెండోది, ఇందులో స్పీకర్ మైనస్ తీగ గ్రౌండ్ కాదు. రెండు తీగల మీదా సరఫరాలో సగం వోల్టేజి ఉంటుంది. మైనస్ కదా అని దాన్ని క్యాబినెట్‌కో ఇన్‌పుట్ గ్రౌండ్‌కో కలిపితే బోర్డు పాడవుతుంది.

7294కు వస్తే, మీ 12-0-12 దానికి పనికిరాదు. 12ను 1.41తో గుణించి డయోడ్ నష్టం తీసేస్తే డీసీగా మారాక ప్లస్ వైపు 16, మైనస్ వైపు 16 వోల్టులు. ఆ సరఫరాతో 4 ఓమ్‌లకు 20 వాట్లు రావడమే కష్టం. అలాగని చాలామంది చెప్పే 24-0-24కూ పోకండి. అది 8 ఓమ్‌ల ఊఫర్‌కు సరి. 4 ఓమ్‌లకు ఇరువైపులా 33 వోల్టులు ఇస్తే ఐసీలో వేడిగా పోయేదే 55 వాట్ల దాకా చేరుతుంది. అంత వేడిని చిన్న హీట్‌సింక్ లాగలేదు. పైగా కరెంటు 250 వోల్టులకు ఎగబాకే రాత్రి వేళల్లో సరఫరా ఐసీ హద్దు అయిన 40 వోల్టుల దగ్గరికి వెళ్లిపోతుంది. మీ ఊఫర్‌కు 18-0-18, 3 ఆంపియర్లది తీసుకోండి. ఇటు 24, అటు 24 వోల్టులు నిలిచి 45 వాట్ల దాకా హాయిగా ఇస్తుంది, వేడి 30 వాట్లకు కాస్త అటూఇటూ ఉంటుంది. కెపాసిటర్లు ఒక్కో వైపు 10,000 మైక్రోఫారడ్లు, 50 వోల్టులవి వేయండి. 4,700తో సరిపెడితే గట్టి బేస్ దెబ్బ పడ్డప్పుడు సరఫరా నాలుగు వోల్టుల మేర ఊగుతుంది.

ఇప్పుడే మొదలుపెడుతున్నారు కాబట్టి నా ఓటు 3116కు, 24 వోల్టుల 5 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్‌కు. బరువూ తక్కువ, వేడీ తక్కువ, ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చూ లేదు.

ప్రశ్న: టీడీఏ7294 బోర్డును హీట్‌సింక్‌కు బిగించి ఇనప డబ్బాలో పెట్టాను. ఆన్ చేయగానే ఫ్యూజు పోయింది. ఐసీ నకిలీదా? (ఒంగోలు నుంచి)

జవాబు: ఐసీని నిందించే ముందు దాని వెనక ఉన్న లోహపు పలకను చూడండి. 7294లో ఆ పలక గ్రౌండ్ కాదు, మైనస్ సరఫరా. హీట్‌సింక్ డబ్బాకు, డబ్బా గ్రౌండ్‌కు తగిలితే మైనస్ సరఫరా నేరుగా షార్టవుతుంది. ఐసీకీ హీట్‌సింక్‌కూ మధ్య మైకా (కరెంటును పోనివ్వని పల్చటి రేకు) పెట్టి, రెండు వైపులా పల్చగా హీట్‌సింక్ పేస్టు రాయండి. స్క్రూకు ప్లాస్టిక్ బుష్ తప్పనిసరి. మైకా పెట్టి బుష్ మరిచిపోతే స్క్రూ గుండా మళ్లీ అదే షార్టు. బిగించాక పలకకూ హీట్‌సింక్‌కూ మధ్య మీటరు బజర్ మోగకూడదు.

మళ్లీ ఆన్ చేసేటప్పుడు 60 వాట్ల పాతకాలపు ఫిలమెంటు బల్బును మెయిన్స్‌కు సిరీస్‌లో కలపండి. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు. బల్బు ఒక్కసారి మెరిసి ఆరిపోయినట్టు అయితే బోర్డు బాగున్నట్టే. వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్టుంది, ఆపేయండి. తర్వాత స్పీకర్ పెట్టకుండా అవుట్‌పుట్‌లో డీసీ కొలవండి. 100 మిల్లీవోల్టుల లోపు ఉంటేనే ఊఫర్ కలపాలి. ఐసీ షార్టయితే 24 వోల్టుల డీసీ నేరుగా కాయిల్‌కు ఎక్కి నిమిషాల్లో కాల్చేస్తుంది. అందుకే రిలే ఉన్న స్పీకర్ ప్రొటెక్షన్ బోర్డు ఒకటి వేసుకోండి, ఊఫర్ ధరతో పోలిస్తే అదేమంత ఖర్చు కాదు.

అన్నీ సరిగ్గా ఉండి శబ్దం మాత్రం రాకపోతే 9, 10 పిన్‌లు చూడండి. అవి స్టాండ్‌బై, మ్యూట్. రెండింటికీ 3.5 వోల్టుల పైన అందకపోతే ఐసీ నోరు తెరవదు.

ప్రశ్న: సబ్‌ఊఫర్‌లో పాట మాటలు కూడా వినిపిస్తున్నాయి. ఒట్టి బేస్ రావాలంటే? (సిద్దిపేట నుంచి)

జవాబు: ఆంప్లిఫయర్‌కు ముందు లో పాస్ ఫిల్టర్, అంటే తక్కువ హెర్ట్జ్‌ల శబ్దాన్నే వదిలే సర్క్యూట్, కావాలి. ఒకే ఐసీలో రెండు ఆప్‌ఆంప్‌లు (చిన్న సిగ్నల్ ఆంప్లిఫయర్లు) ఉండే 4558 గానీ టీఎల్072 గానీ తీసుకుని ఒక సగంతో కట్టండి. ఆ సగంలో అవుట్‌పుట్‌ను మైనస్ పిన్‌కు నేరుగా కలపండి. ఇన్‌పుట్ నుంచి 22 కిలోఓమ్‌ల రెసిస్టర్లు రెండు వరసగా ప్లస్ పిన్‌కు రావాలి. ప్లస్ పిన్ నుంచి గ్రౌండ్‌కు 0.047 మైక్రోఫారడ్, రెసిస్టర్లు కలిసే చోటు నుంచి అవుట్‌పుట్‌కు 0.1 మైక్రోఫారడ్. దీంతో 105 హెర్ట్జ్ పైన శబ్దం వేగంగా పడిపోతుంది. ఇంకా గొంతు వినిపిస్తుంటే రెసిస్టర్లు 27 కిలోఓమ్‌లకు మార్చండి, 86 హెర్ట్జ్‌కు దిగుతుంది. కెపాసిటర్లు ప్లాస్టిక్ ఫిల్మువే వాడండి. ఎడమ, కుడి సిగ్నళ్లను నేరుగా ముడివేయకుండా, ఒక్కోదానికి 10 కిలోఓమ్‌లు వేసి కలిపి, ఆప్‌ఆంప్ రెండో సగాన్ని ఆ కలయికకూ ఫిల్టర్‌కూ మధ్యలో బఫర్‌గా (సిగ్నల్‌ను ఉన్నదున్నట్టు దాటించే మెట్టుగా) పెట్టండి. లేకుంటే ఫిల్టర్ లెక్క తప్పుతుంది.

ప్రశ్న: ఒకే బోర్డుకు 4 ఓమ్‌ల ఊఫర్లు రెండు కలపొచ్చా? (అనంతపురం నుంచి)

జవాబు: పారలల్‌గా కలిపితే 2 ఓమ్‌లు. 7294కు వద్దు. మోనోగా కట్టిన 3116 అయితే మోస్తుంది, సరఫరా 21 వోల్టులు దాటనీయకండి. 7294లు రెండింటిని బ్రిడ్జి చేద్దామనుకుంటే కనీసం 8 ఓమ్‌లు ఉండాలి, అంటే ఆ రెండు ఊఫర్లను సిరీస్‌లో కలపాలి.

ప్రశ్న: పాట ఆపినా సబ్‌ఊఫర్ గుమ్మంటూనే ఉంటుంది. (విజయనగరం నుంచి)

జవాబు: మామూలు స్పీకర్‌లో వినిపించని హమ్ కూడా సబ్‌ఊఫర్‌లో పెద్దదవుతుంది. అది ఉండేదే 50, 100 హెర్ట్జ్‌ల దగ్గర, ఫిల్టర్ దాన్ని దర్జాగా లోపలికి వదులుతుంది. ముందు ఇన్‌పుట్‌ను గ్రౌండ్‌కు షార్టు చేసి చూడండి. హమ్ పోతే తప్పు ఇన్‌పుట్ తీగది. షీల్డు ఉన్న తీగ వేసి, ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా తీసుకెళ్లండి. అప్పటికీ పోకపోతే గ్రౌండ్ తీగలన్నీ రెండు ఫిల్టర్ కెపాసిటర్లు కలిసే ఒకే బిందువుకు విడివిడిగా తెచ్చి కలపండి. స్పీకర్ గ్రౌండు, ఇన్‌పుట్ గ్రౌండు ఒకే తీగ మీద ప్రయాణిస్తే హమ్ తగ్గదు.