ఢిల్లీ చూడబోతున్న మా తమ్ముడి కొడుక్కి

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

పరీక్షలు ముగియగానే మిత్రులిద్దరితో కలిసి నాలుగు రోజులు ఢిల్లీ చూసి రావాలనుకుంటున్నావనీ, కూడబెట్టుకున్న డబ్బు చాలుతుందో లేదోనని సందేహిస్తున్నావనీ మీ నాన్న చెప్పాడు. ఉద్యోగరీత్యా చాలా ఏళ్లు అక్కడ ఉండి, వచ్చిన బంధువులందరికీ ఊరు చూపించినవాణ్ణి కనుక నాకు తెలిసినది రాస్తున్నాను. ఢిల్లీలో చూడటానికి పెద్దగా ఖర్చు కాదు. అటూ ఇటూ తిరగడానికీ, తెలియక మోసపోవడానికీ అయ్యేదే ఎక్కువ.

అందుచేత బస కుదుర్చుకొనేటప్పుడు అద్దె ఒక్కటే చూడవద్దు. ఊరి చివర చవకగా దొరికిన గది, రోజూ రెండు పూటలా ఆటో కిరాయి కలుపుకుంటే చవక కాదు. మెట్రో స్టేషనుకు నడిచి వెళ్లగలిగిన చోట, వీలైతే పసుపు లైను మీద గది తీసుకోండి. చాందినీ చౌక్, న్యూఢిల్లీ రైల్వే స్టేషను, రాజీవ్ చౌక్ అన్నీ ఆ లైనులోనే ఉన్నాయి. కుతుబ్ మీనార్ స్టేషను కూడా అందులోనిదే గాని, అక్కడ దిగాక మీనారు దాకా ఇంకొంత దూరం వెళ్లాలి. స్మార్ట్ కార్డు కొంటే ప్రతి ప్రయాణం మీద 10 శాతం తగ్గుతుంది. రైలులో మొదటి పెట్టె స్త్రీలది, తొందరలో అందులోకి ఎక్కవద్దు.

ఇక సోమవారం సంగతి. ఎర్రకోట, నేషనల్ మ్యూజియం, గాంధీ స్మృతి, లోటస్ టెంపుల్, అక్షరధామ్ సోమవారం మూసి ఉంటాయి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఇది తెలియక, మీ పెద్దమ్మను తీసుకొని సోమవారం ఉదయమే ఎర్రకోట తలుపుల ముందు నిలబడ్డాను. ఆ పూటంతా వృథా అయింది. ఆ రోజును కుతుబ్ మీనార్‌కో, హుమాయూన్ సమాధికో ఉంచుకోండి. ఈ రెండింటి టికెట్లూ ఫోనులోనే కొంటే కొద్దిగా తక్కువ పడటమే కాక వరుసలో నిలబడే పని తప్పుతుంది.

నన్నడిగితే, నాలుగు రోజుల్లో ఒక సాయంత్రం మొత్తం హుమాయూన్ సమాధికే ఇవ్వాలి. 1632లో మొదలైన తాజ్‌మహల్ కంటే సుమారు అరవై ఏళ్ల ముందే పూర్తయిన కట్టడమది. పొద్దు వాలే వేళ ఆ ఎర్రరాయి మీదా, తెల్లని గుమ్మటం మీదా వెలుగు మారుతుంటే చూస్తూ కూర్చోవడం నాకు ఎన్నిసార్లు వెళ్లినా తనివి తీరని సంగతి. అక్కడికి దగ్గరలోనే నిజాముద్దీన్ దర్గా ఉంది. దానికి టికెట్టు లేదు. పాత ఢిల్లీకి మాత్రం ఉదయమే వెళ్లి, ఎర్రకోట, జామా మసీదు, చాందినీ చౌక్ ఒకే విడతలో కాలినడకన చూడండి. లోడీ గార్డెన్‌కు కూడా రుసుము లేదు.

భోజనానికి అశోకా రోడ్డులోని ఆంధ్ర భవన్ క్యాంటీన్ ఉంది. బంగ్లా సాహిబ్ గురుద్వారాలో ఎవరు వెళ్లినా లంగరులో, అంటే అక్కడి సామూహిక భోజనశాలలో, ఉచితంగా అన్నం పెడతారు. అయితే దాన్ని ఖర్చు తప్పించుకొనే మార్గంగా చూడవద్దు. తలకు గుడ్డ చుట్టుకొని, కాళ్లు కడుక్కొని, పంక్తిలో కూర్చొని, రొట్టెను రెండు చేతులా అందుకోవాలి; తిన్నాక కాసేపు గిన్నెలు కడగడంలోనో, వడ్డనలోనో చేయి కలిపితే నాకు మరీ సంతోషం.

న్యూఢిల్లీ స్టేషను బయట ఎవరైనా వచ్చి, మీ రైలు రద్దయిందనో, మీ హోటలు మూతపడిందనో చెప్పి ఏదో ఆఫీసుకు తీసుకువెళ్తామంటే మాట కలపకుండా ముందుకు నడవండి. రైలు సంగతి స్టేషను లోపలి విచారణ కౌంటరులోనే అడగాలి, హోటలుకు మీరే ఫోను చేసుకోవాలి.

మీ రైలు న్యూఢిల్లీలో ఆగుతుందో, హజ్రత్ నిజాముద్దీన్‌లో ఆగుతుందో టికెట్టు చూసి నాకు తెలియజేయి. నిజాముద్దీన్ అయితే గులాబీ లైను ఎక్కాలి కనుక, గది ఎక్కడ చూసుకోవాలో అప్పుడు చెబుతాను.

ఆశీస్సులతో,
పెదనాన్న