టెక్ సందేహాలు: అమ్మిన క్రికెట్ కార్డు వాపసు వస్తే

ప్రశ్న: నేను కావలిలో డిగ్రీ చదువుతున్నాను. మా నాన్నగారు చిన్నతనంలో బబుల్‌గమ్ పొట్లాలతో వచ్చిన క్రికెట్ కార్డులను ట్రంకుపెట్టెలో దాచి ఉంచారు. వాటిని, నేను సేకరించిన ఐపీఎల్ కార్డులను ఈబేలో విదేశాల వారికి అమ్ముతున్నాను. కిందటి నెలలో పంపిన ఒక కార్డు మూల మడత పడి ఉందని, ‘వర్ణనకు తగినట్టు లేదు’ అని కొన్నాయన రిటర్న్ తెరిచారు. నేను పంపినప్పుడు మడత లేదు. పైగా వాపసు తీసుకోనని ముందే స్పష్టంగా రాశాను. నేను తిరస్కరించవచ్చా? తిరిగి వచ్చేది నా కార్డేనని ఎలా తేల్చుకోవాలి?

జవాబు: తిరస్కరించడానికి మీ షరతు పనికిరాదు. వాపసు తీసుకోనన్న మాట, కొన్నవారు మనసు మార్చుకున్నప్పుడు మాత్రమే చెల్లుతుంది. వస్తువు వర్ణనకు తగినట్టు లేదని ఫిర్యాదు వస్తే ఈబే మనీ బ్యాక్ గ్యారంటీ ముందుకు వస్తుంది. దాన్ని పెట్టుకోవడం, మానుకోవడం అమ్మకందారు చేతిలో లేదు. పార్శిల్ అందిన రోజు నుంచి, లేదా అందుతుందని చూపిన ఆఖరి తేదీ నుంచి 30 రోజుల్లోపు కొన్నవారు ఫిర్యాదు చేయవచ్చు. ఆ తర్వాత జవాబివ్వడానికి మీకు మూడు పనిదినాల గడువు ఉంటుంది. ఈ గడువు దాటనివ్వడమే కొత్తగా అమ్మేవారు చేసే పెద్ద పొరపాటు. మీరు మౌనంగా ఉంటే కొన్నవారు ఈబేను జోక్యం చేసుకోమని అడగవచ్చు. అప్పుడు మీ వాదన ఒక్క ముక్క కూడా నమోదు కాకముందే డబ్బు వెనక్కి వెళ్ళిపోవచ్చు.

కొన్నాయన అబద్ధమాడుతున్నారని నిశ్చయించుకునే ముందు ఒక విషయం ఆలోచించండి. మామూలు కార్డు వెడల్పు రెండున్నర అంగుళాలు, పొడవు మూడున్నర అంగుళాలు, మందం 35 పాయింట్లు. పాయింటు అంటే అంగుళంలో వెయ్యో వంతు. అంటే మొత్తం మందం ఒక మిల్లీమీటరు కూడా లేదు. అంత పలుచని వస్తువు కావలి తపాలా కార్యాలయం నుంచి బయలుదేరి, ఎన్నో సంచులు మారి, విమానమెక్కి, మరో దేశంలో యంత్రాల మధ్య దొర్లి వెళ్ళింది. టాప్‌లోడర్ అనే గట్టి తొడుగులో పెట్టినా, పైన మూత వేయకపోతే కార్డు లోపల జారి మూల దెబ్బతింటుంది. దారిలో జరిగిన నష్టం కూడా ఈబే లెక్కలో అమ్మకందారు బాధ్యతే. కనుక మీరిద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు. మొదటి జవాబులో నిందలు వద్దు. మడత కనిపించేలా దగ్గరగా తీసిన ఫొటోలు, పార్శిల్ కవరు ఫొటోలు పంపమని మర్యాదగా అడగండి.

ఆ తర్వాత ఖర్చు లెక్క చూసుకోండి. ఈ రకం ఫిర్యాదులో తిరుగు తపాలా ఖర్చు కూడా అమ్మకందారే భరించాలి. కార్డు ధర ఆ ఖర్చు కంటే తక్కువైతే వాపసు అడగకుండా డబ్బు తిరిగి ఇచ్చేయడమే నయం. అది ఓటమి అనుకోకండి. ఖరీదైన కార్డయితే మాత్రం వాపసుకు ఒప్పుకొని రప్పించుకోండి. వస్తువు మీకు చేరిన రెండు పనిదినాల్లో డబ్బు చెల్లించాల్సి ఉంటుంది.

ఇక మీ అసలు ప్రశ్న. ఒకే అచ్చు నుంచి వచ్చిన కార్డులకు తేడా ఏముంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఏ రెండు కార్డులూ ఒకటి కావు. కార్డులను పెద్ద అట్ట షీట్ల మీద అచ్చువేసి తర్వాత కోస్తారు. కోత వెంట్రుకవాసి జరిగినా నాలుగు అంచుల తెల్ల పట్టీల వెడల్పు మారిపోతుంది. అచ్చులో పడిన చిన్న సిరా చుక్క, అంచు వద్ద లేచిన కాగితపు పోగు, వెనక వైపు మరక, ఇవన్నీ ఆ ఒక్క కార్డుకే చెందిన పుట్టుమచ్చలు. నెల్లూరు ఆచారి వీధిలో నగల పనివారు వాడే పది రెట్ల భూతద్దం ఒకటి కొనుక్కోండి. అచ్చులోని రంగు చుక్కలు పువ్వుల్లా గుంపులు కట్టి ఉండడం దానితో కనిపిస్తుంది. ఇంట్లోని ఇంక్‌జెట్ ప్రింటర్ మీద తీసిన నకలుకు ఆ అమరిక రాదు.

ఈ పుట్టుమచ్చలు కార్డు మీ చేతిలో ఉన్నప్పుడే నమోదై ఉంటేనే తర్వాత పనికొస్తాయి. ఫొటో కంటే స్కానర్ మేలు. 600 డీపీఐ వద్ద, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే ఈ కొలత కార్డుకు 1500 × 2100 పిక్సెళ్ళ చిత్రం వస్తుంది, మూలలు పోల్చడానికి అది చాలు. ఒక్క జాగ్రత్త అవసరం. చవకైన ప్రింటర్లతో కలిసి వచ్చే స్కానర్లలో చాలావాటికి సీఐఎస్ సెన్సర్ ఉంటుంది. అది అద్దానికి ఆనుకున్న వస్తువునే స్పష్టంగా చూడగలదు. గట్టి తొడుగులో ఉన్న కార్డును దాని మీద పెడితే మసకగా వస్తుంది. అందుకని కార్డును పలుచని తొడుగుతోనే స్కాన్ చేయండి, లేదా సీసీడీ సెన్సర్ ఉన్న స్కానర్ వాడండి. స్కానర్ చూపలేనిది ఉపరితలం మీది గీతలు. వాటి కోసం కిటికీ పక్కన కార్డును ఏటవాలుగా పట్టుకుని, ఫోన్‌ను కొంచెం దూరంగా ఉంచి, రెండు రెట్ల జూమ్‌తో ఫొటో తీయండి. మరీ దగ్గరగా తీస్తే అంచులు వంకరగా కనిపించి, అదే మరో ఫిర్యాదుకు కారణం కావచ్చు. ఫోన్‌లో చిత్రానికి మెరుగులు దిద్దే సదుపాయాలన్నీ ఆపేయండి. గీతను చెరిపేసిన ఫొటో మీకు సాక్ష్యం కాదు, మీకే ఎదురు తిరుగుతుంది.

పార్శిల్ కట్టేటప్పుడు మధ్యలో ఆపకుండా ఒకే వీడియో తీయండి. కార్డు రెండు వైపులా కనిపించాలి, వెలుగులో వాల్చి చూపాలి, తొడుగులో పెట్టి, కవరు అంటించి, చిరునామా చీటీ చూపేదాకా కార్డు తెర మీంచి పక్కకు పోకూడదు. వాపసు వచ్చిన పార్శిల్‌ను కూడా ఇదే పద్ధతిలో, సీలు విప్పక ముందు నుంచి చిత్రీకరించండి. వీడియో ఉన్నంత మాత్రాన తీర్పు మీ వైపే వస్తుందన్న హామీ ఏదీ లేదు. అది లేకపోతే మాత్రం మీ మాట మీద ఆయన మాట, అంతే. లోపల వేరే కార్డు ఉంటే డబ్బు చెల్లించే మీట నొక్కకండి. వేరే వస్తువు తిరిగి వచ్చిందని ఈబేకు ఫిర్యాదు చేసి, పాత స్కాన్‌ను, కొత్త స్కాన్‌ను పక్కపక్కన పెట్టి, తేడా ఉన్న చోట్ల గుర్తులు వేసి పంపండి. పోలీసు ఫిర్యాదు నకలు అడిగే సందర్భాలు కూడా ఉంటాయి. కేసు మీకు వ్యతిరేకంగా ముగిస్తే అప్పీలుకు 30 రోజుల గడువు ఉంటుంది.

ఖరీదైన కార్డులు అమ్మదలచినవారు గ్రేడింగ్ చేయించడం గురించి ఆలోచించాలి. 1991లో మొదలైన పీఎస్ఏ వంటి సంస్థలు కార్డును పరిశీలించి, 1 నుంచి 10 వరకు గ్రేడు ఇచ్చి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో మూసి, సంఖ్య ఉన్న చీటీతో పంపుతాయి. సేకర్తలు దాన్ని స్లాబ్ అంటారు. పలకల ఊరు మార్కాపురం మనకు దగ్గరే కనుక దాన్ని పలక అని పిలుచుకుంటే తప్పు లేదు. ఆ సంఖ్యను సంస్థ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు కనుక కార్డు మార్చేశారన్న అనుమానం చాలావరకు తొలగిపోతుంది. పూర్తిగా తొలగదు. స్లాబ్‌ను పగలగొట్టి, లోపలి కార్డు మార్చి, మళ్ళీ అతికించే మోసగాళ్ళు ఉన్నారు. అతుకు వెంట తెల్లగా మంచు పట్టినట్టు కనిపిస్తే అనుమానించాలి. అందుకే స్లాబ్ అంచులు నాలుగూ కూడా మీ వీడియోలో కనిపించాలి.

ప్రశ్న: మాది గూడూరు. నేను కెనడాకు పంపిన మెరుపు కార్డు విల్లులా వంగిపోయిందని కొన్నాయన అంటున్నారు. సగం డబ్బు తిరిగి ఇవ్వకపోతే చెడ్డ రేటింగ్ ఇస్తానని నా వాట్సాప్‌కు సందేశం పెట్టారు. ఇవ్వాలా?

జవాబు: కార్డు వంగిందన్న మాట నిజమే అయి ఉండవచ్చు. మెరుపు కార్డుకు ముందు వైపు రేకు పొర, వెనక కాగితం పొర ఉంటాయి. కాగితం గాలిలోని తేమను పీల్చి సాగుతుంది, రేకు సాగదు. రెండూ కలిసి అంటుకుని ఉన్నందున కార్డు వంగుతుంది. మన కోస్తా ఉక్కపోతలో నెలల తరబడి ఉన్న కార్డు, చలికాలంలో వేడి చేసిన పొడి గదిలోకి వెళితే మళ్ళీ ఇంకోలా వంగుతుంది. ఇకమీదట కార్డులను మూత బిగించిన డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలతో, తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా దాచండి. అమ్మేటప్పుడు కార్డును బల్ల మీద పెట్టి అంచు నుంచి ఒక ఫొటో తీసి, ఉన్న వంపును ఒక వాక్యంలో రాయండి. ముందే చెప్పిన లోపం మీద ఫిర్యాదు నిలవడం కష్టం.

బెదిరింపు సంగతి వేరు. రేటింగ్‌ను అడ్డం పెట్టుకుని ఒప్పందంలో లేనిది రాబట్టుకోవడం ఈబే నియమాలకు విరుద్ధం. అయితే ఆ సందేశం వాట్సాప్‌లో వచ్చింది కనుక, ‘దయచేసి మీ అభ్యర్థనను ఈబే సందేశాల్లోనే రాయండి’ అని ఈబే ద్వారానే జవాబివ్వండి. అక్కడ ఆయన అదే మాట రాస్తే వెంటనే రిపోర్ట్ చేయండి. రాయకుండా మామూలుగా రిటర్న్ తెరిస్తే, న్యాయంగా చూసి వాపసు తీసుకోండి, లేదా వంపుకు తగినంత తగ్గింపు మీరే ప్రతిపాదించండి. సగం అన్న అంకెకు మీరు కట్టుబడనక్కర లేదు.

ప్రశ్న: ఒంగోలు నుంచి రాస్తున్నాను. వాట్సాప్ సేకర్తల గుంపులో ఒక క్రికెటర్ సంతకం ఉన్న కార్డు అమ్మాను. యూపీఐలో డబ్బు వచ్చింది. మూడు వారాలకు, సంతకం నకిలీ అని, డబ్బు ఇవ్వకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్తానని కొన్నవారు అంటున్నారు. నేను దుకాణదారుణ్ణి కాను. ఆ చట్టం నాకు వర్తిస్తుందా? నా ఫోన్‌లోని ఫొటోలు సాక్ష్యంగా పనికొస్తాయా?

జవాబు: మీరు ఎంత తరచుగా అమ్ముతున్నారన్నదే ఇక్కడ కీలకం. 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనలు, క్రమం తప్పకుండా వ్యాపారంగా కాక వ్యక్తిగత హోదాలో ఒకరు చేసే అమ్మకానికి వర్తించవని వాటిలోనే ఉంది. ఇంట్లోని కార్డు ఒకటి అమ్మితే మీరు ఆ మినహాయింపులోకి వస్తారు. కొని అమ్మడం ప్రతి నెలా సాగుతుంటే ఆ మినహాయింపు మీద ఆశ పెట్టుకోకండి. వ్యాపారం చేసేవారి విషయంలో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం మరింత స్పష్టంగా ఉంది. బిల్లులో గడువు రాయకపోతే, లోపమున్న వస్తువును 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోకపోవడం అక్రమ వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. మీది మూడో వారమే.

దుకాణదారు కాకపోయినా మీరు తప్పించుకోలేని నియమం మరొకటి ఉంది. 1930 నాటి వస్తువుల విక్రయ చట్టం ప్రకారం, వర్ణన చెప్పి అమ్మిన వస్తువు ఆ వర్ణనకు సరిపోవాలి. మీరు గుంపులో ‘అసలు సంతకం’ అని రాశారా, ‘నాకు తెలిసినంతలో అసలుదే’ అని రాశారా అన్నది చూసుకోండి. తయారీ సంస్థే సంతకం చేయించి అమ్మిన కార్డయితే ఆ మాట వెనక వైపు అచ్చై ఉంటుంది. స్టేడియం బయట ఎవరో చేయించి తెచ్చిన సంతకమైతే మీకు ఆధారం లేదు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: ఆధారం చూపలేని సంతకాన్ని అసలుదని అమ్మితే, కమిషన్ దాకా వెళ్ళనివ్వకుండా కార్డు వెనక్కి తీసుకుని డబ్బు ఇచ్చేయడమే ధర్మం. ఆధారం ఉంటే నిలబడండి. సంతకాలు పరీక్షించే సంస్థకు కార్డును పంపుదామని, ఓడినవారు రుసుము భరించాలని ప్రతిపాదించండి.

ఫొటోల విషయానికి వస్తే, వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోతుంది, తీసిన సమయం వంటి లోపలి వివరాలు చెరిగిపోతాయి. ఫోన్ కెమెరా ఫోల్డర్‌లోని అసలు ఫైలు ముఖ్యం. దాన్ని కత్తిరించకండి, పేరు మార్చకండి, అవతలివారికి పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో ధ్రువపత్రం ఇవ్వాలి. అందులో ఫైలు హాష్ విలువ రాయాలి. హాష్ అంటే ఫైలు వేలిముద్ర. చిత్రంలో ఒక్క పిక్సెల్ మారినా అది పూర్తిగా మారిపోతుంది. విండోస్ కంప్యూటర్‌లో సర్ట్‌యుటిల్ అన్న ఆదేశంతోనే దాన్ని తీయవచ్చు, వేరే సాఫ్ట్‌వేర్ అక్కర లేదు. ఈ రోజే తీసి తేదీతో రాసి పెట్టుకోండి.

వాపసుకే ఒప్పుకుంటే కార్డును స్పీడ్ పోస్ట్‌లో ఓటీపీ డెలివరీతో పంపమనండి. 2025 అక్టోబరు నుంచి ఆ సదుపాయం ఉంది, అదనపు రుసుము 5 రూపాయలు, దానిపై జీఎస్టీ. పార్శిల్ ఎవరి చేతికి అందిందో ఓటీపీ చెబుతుంది, లోపల ఏముందో చెప్పదు. కనుక ఆయన కట్టేటప్పుడు ఒక వీడియో, మీరు విప్పేటప్పుడు ఒక వీడియో ఉండాలి. కార్డు సరిచూసుకున్నాక డబ్బును ఏ యూపీఐ ఖాతా నుంచి వచ్చిందో ఆ ఖాతాకే పంపండి. స్నేహితుడి నంబరుకు వేయమన్నా, క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేయమన్నా ఒప్పుకోకండి. మొదట డబ్బు పంపిన ఖాతాదారు రేపు తనకు రాలేదని ఫిర్యాదు చేస్తే, మీరు రెండోసారి చెల్లించాల్సిన పరిస్థితి వస్తుంది. అటువంటి ఒత్తిడి మొదలైతే ఆ సందేశాలను భద్రపరచి సైబర్ నేరాల సహాయ నంబరు 1930కు ఫోన్ చేయండి.