తలనొప్పి వచ్చిన రోజు కాదు, ముందురోజు చూడు

చిట్టీ,

నిన్న ఫోన్‌లో నీ గొంతు విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. ఆ మైగ్రేన్, ఆ ఒంటిపక్క తలనొప్పి ఎలా పొడుస్తుందో, ట్యూబ్‌లైటు వేసినా ఎలా వాంతి తన్నుకొస్తుందో ఇరవై ఏళ్లు పడ్డదాన్ని. వంకాయ మానెయ్, పెరుగు మానెయ్ అని తలా ఒకటి చెబుతున్నారన్నావు, ఇప్పుడే ఏదీ మానకు. ముందు ఒక నోట్‌బుక్ పెట్టు. ఎన్నింటికి పడుకున్నావు, ఏ పూట తిండి తప్పింది, నీళ్లు, కాఫీ, ఎండ, వాసనలు, నెలసరి తేదీ, వేసుకున్న మాత్రలు, అన్నీ రోజూ రెండు ముక్కలు రాసెయ్.

నా నోట్‌బుక్‌లో ఒక శ్రావణ శుక్రవారం పేజీ ఉంది. ముందురాత్రి పిండివంటలతో పన్నెండున్నర దాటింది, ఐదింటికే లేచి తలంటు, పూజయ్యేదాకా మంచినీళ్లు కూడా లేవు, రోజూ ఆరింటికి పడే కాఫీ పదకొండుకి, పైగా తలుపులు మూసిన గదిలో సాంబ్రాణి. మధ్యాహ్నానికి ఎడమ కణత పట్టేసింది. ఎన్నాళ్లో ఆ సాంబ్రాణినే తిట్టుకున్నాను, తీరా పేజీలు వెనక్కి తిప్పితే కడుపు నిండా తిని, సరిగ్గా నిద్రపోయిన రోజుల్లో అదే పొగ నన్నేమీ చెయ్యలేదు. నాలుగూ కలిసి మీద పడితేనే తల లొంగిపోతోంది. ఇప్పుడు వ్రతమైనా సరే తెల్లారగానే పాలు, అరటిపండు తీసుకుంటాను, కాఫీ టైం మార్చను.

నీకు ఆదివారమే ఎక్కువ వస్తోందన్నావు కదా, వారమంతా ఆఫీసు టెన్షన్, ఆ రోజు పదింటిదాకా నిద్ర, టిఫిన్ లేదు, అందులోనే ఉందేమో చూడు. సెలవైనా రోజూ లేచే వేళకే లే. చాక్లెట్ తింటే వస్తోందని కూడా తొందరపడి అనుకోకు, కొందరికి నొప్పికి ఒక రోజు ముందే ఆవలింతలు, మెడ పట్టెయ్యడం, తీపి మీదకి మనసు పోవడం మొదలవుతాయి, అంటే ఆ చాక్లెట్ కోరికే రాబోయే నొప్పికి గుర్తు కావచ్చు.

మాత్రల విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నా. మామూలు నొప్పి మాత్రలు నెలలో 15 రోజులు, కొన్ని రకాలైతే 10 రోజులు, అలా మూడు నెలలు దాటి వాడితే ఆ మాత్రలే తలనొప్పి తెచ్చిపెట్టొచ్చు. లెక్క అక్కడిదాకా పోకముందే న్యూరాలజిస్టును కలువు. ఎప్పుడూ లేనంత నొప్పి పిడుగులా ఒక్కసారిగా వచ్చినా, మాట తడబడినా, చెయ్యో కాలో పట్టు తప్పినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా నోట్‌బుక్ పక్కన పడేసి నేరుగా ఆసుపత్రికి పరుగెత్తు.

దసరాకి వచ్చేటప్పుడు ఆ పుస్తకం తెచ్చుకో, ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ పిన్ని