బోయర్ యుద్ధం తెల్లవాళ్ల తగువు మాత్రమేనా?

కాదని గట్టిగా చెబుతాను. ఉద్యోగరీత్యా దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో ఉన్నప్పుడు ఆ యుద్ధం జరిగిన చోట్లు కొన్ని చూశాను. చదివినదానికన్నా చూసినదే నన్ను ఎక్కువ కదిలించింది.

కారణం బంగారం. 1886లో అక్కడి ట్రాన్స్‌వాల్ రాజ్యంలో గనులు బయటపడ్డాయి. వాటికోసం వచ్చిన విదేశీయులకు ఓటు ఇవ్వలేదన్న వంకతో, డచ్చి సంతతి రైతులైన బోయర్ల రాజ్యాలపై బ్రిటన్ ఒత్తిడి పెంచింది. 1899 అక్టోబరులో యుద్ధం మొదలైంది.

స్పియన్ కాప్ కొండ ఎక్కితే పైన పొడవైన సమాధి కనిపిస్తుంది. రాతినేల కావడంతో బ్రిటిష్ సైనికులు లోతుగా తవ్వుకోలేకపోయిన కందకమది. 1900 జనవరి 24న చనిపోయినవాళ్లను అందులోనే పూడ్చారు. ఆ కొండ దగ్గర గాయపడినవాళ్లను మోసినవారిలో మనవాళ్లున్నారు. గాంధీ కూడగట్టిన అంబులెన్స్ దళంలో సుమారు 1,100 మంది ఉంటే, 800 మంది ఒప్పందకూలీలే. కొన్నిరోజులు డోలీలతో 20, 25 మైళ్లు నడిచారు. డర్బన్ ఉన్న నాటాల్ ప్రాంతపు చెరకుతోటలకు మద్రాసు రేవు నుంచి ఓడెక్కి వెళ్లిన కూలీలలో తెలుగువారూ ఉన్నారు కాబట్టి, ఈ చరిత్ర మనకు పరాయిది కాదు.

బోయర్లు గెరిల్లా పోరుకు దిగాక బ్రిటిష్ సేనాధిపతి కిచెనర్ సేనలు పొలాలు, ఇళ్లు తగలబెట్టి, ఆడవాళ్లనూ పిల్లలనూ శిబిరాల్లో పెట్టాయి. తట్టు, విషజ్వరం, ఆకలితో 26,000 మందికి పైగా స్త్రీలు, పిల్లలు చనిపోయారు. బ్లూమ్‌ఫాంటీన్‌లో వారి స్మారకస్తంభం ముందు నాకు నోట మాట రాలేదు. అయితే నల్లజాతివారికి వేరే శిబిరాలుండేవి. అక్కడ కనీసం 14,000 మంది మరణించారు. వీరిని దశాబ్దాలపాటు ఎవరూ తలచుకోలేదు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

యుద్ధాన్ని ముగించిన 1902 మే 31 సంధి చదవండి. అందులో ఎనిమిదో షరతు నల్లవారి ఓటు సంగతిని స్వపరిపాలన వచ్చేదాకా వాయిదా వేసింది. అంటే ఆ నిర్ణయాన్ని తెల్లవారి చేతికే అప్పగించారు. 1913 భూచట్టంతో దేశంలో ఏడు శాతం నేల మాత్రమే నల్లవారికి మిగిలింది. యుద్ధానికి ముందు భారతీయులను బోయర్లు హింసిస్తున్నారని వాపోయిన బ్రిటిష్ ప్రభుత్వమే, 1906లో ట్రాన్స్‌వాల్ భారతీయులంతా వేలిముద్రలిచ్చి నమోదు కావాలని ఆర్డినెన్సు తెచ్చింది. సత్యాగ్రహం పుట్టింది దానికి ఎదురు తిరిగే!